జాలరి వాఙ్మూలము

కాళిదాసుని శాకుంతల నాటకమున ఆఱవ యంకము మొదట ఒక చిన్న ఘట్టము కలదు. దుష్యంతుని పశ్చాత్తాపమును చూడవలెనను తొందరలో చదువరులు దీనిని దాటిపోవుచుందురు. ఒక జాలరికి తాను పట్టిన చేప కడుపులో రాజు పేరు చెక్కిన యుంగరము దొరకును. దానిని అమ్మజూపగా రక్షకభటులు వానిని పట్టుకొని, చేతులు వెనుకకు కట్టి, కొట్టుచు తీసికొని వత్తురు. జాలరి తన యూరును, వృత్తిని, ఉంగరము దొరకిన విధమును ఉన్నదున్నట్లు చెప్పును. వాని మాట నెవ్వరును నమ్మరు. పైగా వాని వృత్తిని చూచి పరిహాసము చేయుదురు. ఉంగరము రాజు కంటబడి, రాజునకు పూర్వకథ జ్ఞప్తికి వచ్చిన పిదపనే వానికి విడుదలయు బహుమానమును కలుగును. ఆ బహుమానములో సగము వాడు తన్ను కొట్టిన భటులకే యిచ్చి బయటపడును.

నేను పదునెనిమిదేండ్లుగా పాఠశాలలో తెలుగును సంస్కృతమును చెప్పుచున్నాను. ఈ కథను పిల్లలకు చెప్పినప్పుడెల్ల నన్నొక సందేహము బాధించుచుండును. ఆ జాలరి ప్రాణమును కాపాడినది వాని సత్యమా? కాదు. రాజముద్రిక. రాజునకు జ్ఞప్తి రాకున్నచో ఆ సత్యము జాలరితోడనే మట్టిలో కలసియుండును. నాటకమున రాజును మంత్రియు సంస్కృతము పలుకుదురు. స్త్రీలలో పెక్కుమందియు, సేవకులును, ఇట్టి జాలరులును ప్రాకృతము పలుకుదురు. అనగా ఎవని మాట కెంత విలువ యను లెక్క వాడు నోరు తెఱచుటకు ముందే తేలిపోవుచున్నది. దేవుడు నోరు అందఱికిని ఇచ్చెను. ఆ నోటి మాటను సభలో వినిపించుకొను హక్కు మాత్రము కొందఱికే దక్కినది.

రాజముద్రిక లేకుండ జాలరి మాటకు విలువ యెట్లు కలుగును? ఈ ప్రశ్నకు గడచిన అఱువదియేండ్లలో ప్రపంచమున ఒక క్రొత్త సమాధానము పుట్టినది. అదియే సామాన్యుని చేతిలోని చలచ్చిత్రము, నేడు మనము వీడియో అని పిలుచునది. దానిని సెల్‌ఫోనులో తీసి, అంతర్జాలమున నుంచి, లోకమునకెల్ల చూపుట ఇప్పుడు పసిపిల్లల కైనను తెలిసిన విద్య. ఈ విద్యను కొందఱు వేడుక యందురు, కొందఱు వెఱ్ఱి యందురు. ఈ రెండు మాటలును దీని చరిత్రము నెఱుగకుండ పలుకునవియే యని నా యభిప్రాయము. ఆ చరిత్రమును కొంత చెప్పుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మన దేశమున ఈ కథ అచ్చుయంత్రముతో మొదలిడవలెను. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిని స్థాపించి, మొదట చెన్నపురిలో అచ్చు వేయించుచుండిరి. పిదప రాజమహేంద్రవరముననే సొంత ముద్రాయంత్రమును నెలకొల్పుకొనిరి. ఉద్యోగుల లంచములను, వితంతువుల దురవస్థను ఆయన నిర్భయముగా వ్రాయగలుగుటకు ఆయన ధైర్యమెంత కారణమో, ఆ యంత్రము ఆయన చేతిలో నుండుటయు అంతే కారణము. ఒకరి యచ్చుకూటముపై ఆధారపడినవాడు వారికి కోపము రాని మాటలే వ్రాయవలసియుండును గదా! ఆ తరువాత అఱువదియేండ్లకు, తెలంగాణమున కవులు పూజ్యమని యొకరు వ్రాసినప్పుడు, సురవరము ప్రతాపరెడ్డిగారు దూషణములతో బదులు చెప్పలేదు. 1926లో తాము స్థాపించిన గోలకొండ పత్రిక చేతిలో నుండగా, 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. లేరన్నవారికి ఇదుగో యున్నారని చూపుటయే ఆ సంచిక చేసిన పని. ఈ మాటను గుఱుతుంచుకొనుడు; దీనితో మనకు ముందు పని గలదు.

ఐనను అచ్చునకు అక్షరములు కావలెను. చదువురాని కూలివాని బాధను చదువుకొన్నవాడు వ్రాయవలసినదే. అక్షరముల గోడను దాటినది సినిమా. కాని దానికి ధనము కావలెను, థియేటరు కావలెను, ప్రభుత్వపు సెలవు కావలెను. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు రైతుబిడ్డ చిత్రమును తీయగా, జమీందారుల కది కంటగింపయ్యెను. కొన్నిచోట్ల దానిని ఆడనీయకుండ నిషేధించిరి. పేరుగల దర్శకుడు రైతు కథను తెఱపై చూపుటకే ఇన్ని చిక్కులు కలిగినవి. రైతే తన కథను తాను తీసి చూపుట యనునది అప్పటికి ఊహకైన అందని మాట.

ఆ మాటను మొదట ఊహించినవారిలో కెనడా దేశస్థులు కొందఱు కలరు. న్యూఫౌండ్లాండునకు చేరువనున్న ఫోగో యను దీవిలో జాలరు లుండిరి. చూచితిరా, మరల జాలరులే! చేపల వ్యాపారము క్షీణించి, బీదతనము ముదిరి, ప్రభుత్వము వారిని దీవినుండి లేవదీసి వేఱుచోట నుంచవలెనని యోచించుచుండెను. దీవిలోని గ్రామములు మతభేదములచే విడిపోయి, ఒకరితో నొకరు కలసి మాటలాడుటయే అరుదుగా నుండెను. 1967లో కోలిన్ లో అను చిత్రదర్శకుడు, అచటి విశ్వవిద్యాలయపు సహాయముతో, ఆ దీవికి పోయెను. ఆయన తనకు తోచిన కథ నొకదానిని అల్లలేదు. జాలరులు తమ యిండ్లలోను, పడవలయొద్దను మాటలాడినదానిని ఇరువదికి పైగా చిన్న చిత్రములుగా తీసెను. వానిని మొదట ఆ దీవివారికే చూపెను. వారు ఒప్పుకొనినదే బయటివారికి చూపవలెనని నియమము పెట్టుకొనెను.

ఫలితము విచిత్రముగా నుండెను. తన యూరివాడు పడు కష్టమే పొరుగూరివాడును పడుచున్నాడని తెఱపై చూచినప్పుడు గాని ఆ జాలరులకు తెలియలేదు. పిదప ఆ చిత్రములను ప్రభుత్వమువారికి చూపిరి. మంత్రిగారి సమాధానమును గూడ చిత్రముగా తీసి దీవివారికి చూపిరి. ఊరివారు సహకార సంఘమును స్థాపించుకొనిరి. దీవిని ఖాళీచేయించు యోచన వెనుకబడెను. కేవలము చిత్రమే ఇన్ని పనులు చేసినదని నేననను. వారిలో నున్న శక్తికి చిత్రము అద్దమయ్యెను. అద్దము మొగమునకు అందము నీయదు. మొగమున్నదని మాత్రము చూపును.

ఆ సంవత్సరమే జపానులోని సోనీ కంపెనీవారు ఒక్క మనిషి భుజమున మోసుకొనిపోగల వీడియో యంత్రమును అమ్మకమునకు తెచ్చిరి. పదునేడేండ్ల పిదప, 1984లో, అహమ్మదాబాదున ఇళా భట్టుగారి సేవా సంఘమువారు తమ సభ్యురాండ్రకు ఈ విద్యను నేర్పించిరి. నేర్చుకొనినవారు కూరగాయలమ్మువారు, కూలిపని చేయువారు. వారిలో పెక్కుమందికి చదువు రాదు. యంత్రముమీది గుర్తులు వారికి తెలియని భాషలోనివే. ఐనను మూడు వారముల శిక్షణలో వారు చిత్రములు తీయుట నేర్చుకొనిరి. సంత వీధిలో కూరగాయలమ్ముకొను స్త్రీ తనను తఱుముచున్న బాధను తానే చిత్రించి అధికారులకు చూపగలిగెను. అక్షరము రానివాడు ఆలోచన లేనివాడని తలంచుచుండిన మనవంటి చదువరులకు ఇది చెంపపెట్టు.

మన తెలుగుదేశములో ఈ కార్యము ఇంకను గొప్పగా జరిగినది. మనలో తెలిసినవారు మాత్రము తక్కువ. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతమున పస్తాపూరు అను గ్రామము కలదు. 1983లో పుట్టిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆ చుట్టుపట్ల ఊళ్లలో దళిత స్త్రీల సంఘములను కూర్చెను. జొన్న, కొఱ్ఱ, సజ్జ మొదలగు మెట్టపంటల విత్తనములను కాపాడుట వారి ముఖ్యవృత్తి. ఆ స్త్రీలలో కొందఱు 1990ల చివర వీడియో యంత్రమును చేతబట్టిరి. 2001లో వారికొక ప్రసార సంస్థ ఏర్పడెను. పగలు చేనిలో కలుపు తీయు చేతులే ఆ యంత్రమును త్రిప్పెను.

వారు చేసిన పనులలో నాకు మిక్కిలి ప్రియమైనది వారు పెట్టుకొనిన పేర్లు. యంత్రమును పైనుండి క్రిందికి పట్టి తీయుట, క్రిందినుండి పైకి పట్టి తీయుట, కంటికి సమముగా పట్టి తీయుట అని చిత్రకారులకు మూడు పద్ధతులు గలవు. ఇంగ్లీషు పేర్లు వారికి పట్టుపడలేదు. ఎగువ దిగువ చూపులకు దొరకును జీతగానికిని నడుమనున్న సంబంధమునుండి పేర్లు తెచ్చుకొనిరి. కంటికి సమమైన చూపునకు మాత్రము 'సంఘం షాట్' అని పేరు పెట్టిరి. సంఘములో అందఱును నేలపై సమముగా కూర్చుందురు గదా! ఎక్కువ తక్కువలు లేని చూపే సంఘపు చూపు. చలచ్చిత్రకళనుగూర్చి వ్రాసిన గ్రంథములు నేను కొన్ని చదివితిని. ఈ రెండు మాటలలో నున్నంత రాజనీతి వానిలో నాకు కనబడలేదు.

2002లో ప్రభుత్వము బి.టి. ప్రత్తికి అనుమతి నిచ్చినప్పుడు, ఈ స్త్రీలు వరంగల్లు ప్రాంతపు రైతుల చేలకు పోయి, విత్తిన నాటినుండి కోత వఱకు వారి మాటలను చిత్రించిరి. రైతుల మొదటి యాశయు, తుదకు కలిగిన నష్టమును ఆ చిత్రములో వరుసగా కనబడును. అది 2003లో వెలువడి, ఇతర భాషలలోనికి మార్చబడి, విదేశములలో గూడ ప్రదర్శింపబడెను. బి.టి. ప్రత్తి మంచిచెడ్డలనుగూర్చి శాస్త్రజ్ఞులలో వాదము కలదు. దానిలో తీర్పు చెప్పుట నా పని గాదు. కంపెనీవారి మాట, ప్రభుత్వమువారి మాట, శాస్త్రజ్ఞుల మాట ముందే వ్యాప్తిలో నుండెను. లేనిది రైతు మాట. ఆ కొఱతను తీర్చినవారు చదువురాని స్త్రీలు. లేరన్నవారికి ఇదుగో యున్నారని చూపిన గోలకొండ కవుల సంచిక పని యిదియే కాదా?

ఈ స్త్రీల చరిత్రములో ఇంకొక ముచ్చట కలదు. 1995లో భారత సుప్రీము కోర్టు, ఆకాశమున పోవు ప్రసారతరంగములు ప్రజల సొత్తు గాని ప్రభుత్వపు గుత్త సొత్తు గాదని తీర్పు చెప్పెను. ఆ తీర్పు చెప్పినవారిలో న్యాయమూర్తి పి.బి. సావంత్ గారు ముఖ్యులు. ఆ తీర్పు ఫలము పల్లెకు చేరుటకు పదుమూడేండ్లు పట్టెను. 2008 అక్టోబరు 15వ తేదీన, మాచనూరు గ్రామమున, ఆ దళిత స్త్రీలే నడపు సంఘం రేడియో ప్రారంభమయ్యెను. ప్రారంభించినవారు విశ్రాంత న్యాయమూర్తి సావంత్ గారే. పుస్తకములోని హక్కు కాళ్లతో నడచి పల్లెకు వచ్చుటను ఆయన కండ్లార చూచిరి.

ఇంతవఱకు చెప్పిన వన్నియు సంఘములు చేసిన పనులు. ఒంటరివాని మాట యేమి? 1991 మార్చి 3వ తేదీ రాత్రి, అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున, కుళాయిల పనిచేయు కంపెనీలో ఉద్యోగియైన జార్జి హాలిడే తన యింటి వసారానుండి ఒక దృశ్యమును చూచెను. రాడ్నీ కింగ్ అను నల్లజాతి యువకుని పోలీసులు లాఠీలతో కొట్టుచుండిరి. ఆతడు తన క్రొత్త వీడియో యంత్రముతో దానిని తీసి, ఒక టెలివిజను సంస్థ కిచ్చెను. దేశమంతయు చూచెను. అట్టి దెబ్బలనుగూర్చి నల్లవారు ఎన్నో యేండ్లుగా మొఱపెట్టుచుండిరి, నమ్మినవారు లేరు. ఐనను 1992 ఏప్రిల్ 29వ తేదీన జ్యూరీ ఆ పోలీసులను దాదాపు అన్ని నేరములనుండి విడుదల చేసెను. ప్రతివాదుల న్యాయవాదులు ఆ చిత్రమునే ముక్కముక్కగా, మెల్లమెల్లగా చూపి, కొట్టుట అవసరమయ్యెనని వాదించిరి. నగరము తగులబడెను, 50 మందికి పైగా మరణించిరి. మరుసటి యేడు వేఱొక విచారణలో వారిలో ఇద్దఱికి శిక్ష పడెను. చూచుట వేఱు, ఒప్పుకొనుట వేఱు అని ఈ కథ నేర్పును. చిత్రము సాక్ష్యము చెప్పగలదు. తీర్పు చెప్పవలసినవారు మనుష్యులే.

హాలిడే తన చిత్రమును ఒక టెలివిజను సంస్థ వాకిటికి తీసికొనిపోవలసి వచ్చెను. ఆ సంస్థవారు వలదనినచో అది అలమరలో నుండిపోయెడిది. ఈ ద్వారపాలకుని తొలగించినది 2005. ఆ యేటి ఫిబ్రవరిలో ముగ్గురు యువకులు యూట్యూబును స్థాపించిరి. ఏప్రిల్ 23వ తేదీన వారిలో నొకడగు జావేద్ కరీం దానిలో నుంచిన మొదటి చిత్రము ఇరువది సెకండ్లైనను లేదు. జంతుప్రదర్శనశాలలో ఏనుగుల యెదుట నిలిచి, వాని తొండములు పొడవుగా నున్నవని చెప్పుట తప్ప అందులో విశేషమేమియు లేదు. మఱుసటి యేడు గూగుల్ కంపెనీ ఆ సంస్థను 165 కోట్ల డాలర్లకు కొనెను. ఏనుగు తొండమునకు అంత వెల యేల? ఎవని సెలవును అడుగకుండ ఎవడైనను లోకమునకు తన మాటను చూపవచ్చునను ద్వారము తెఱువబడినది. ఆ ద్వారమునకే యా వెల.

2020 మే 25వ తేదీన మినియాపొలిస్ నగరమున ఒక పోలీసు జార్జి ఫ్లాయిడ్ మెడపై తొమ్మిది నిమిషములకు పైగా మోకాలు మోపి చంపెను. పోలీసువారి మొదటి ప్రకటనలో ఆ మనుష్యునకు అస్వస్థత కలిగి మరణించెనని మాత్రమే యున్నది. ప్రక్కన నిలిచియున్న పదునేడేండ్ల బాలిక డార్నెల్లా ఫ్రేజియర్ తన ఫోనులో తీసిన చిత్రమును ఎవరి వాకిటికిని తీసికొనిపోలేదు. ఆ రాత్రియే తానే అంతర్జాలమున నుంచెను. 2021 ఏప్రిల్‌లో ఆ పోలీసు హంతకుడని జ్యూరీ తేల్చెను; ఆ యేడే పులిట్జర్ సంఘమువారు ఆ బాలికకు ప్రత్యేక గౌరవము నిచ్చిరి. కాళిదాసుని జాలరికి రాజముద్రిక కావలసి వచ్చెను. ఈ బాలికకు కావలసినది వణకని చేయి.

ఈ ద్వారము అన్యాయమును చాటుటకే గాదు, మామూలు బ్రదుకును చూపుటకును ఉపయోగపడినది. గుడివాడ ప్రాంతపు మస్తానమ్మగారు నూఱేండ్లు దాటిన వయస్సున, పొలములో కట్టెలపొయ్యిమీద వంట చేయుచు లోకమునకెల్ల పరిచితురాలై, 2018 డిసెంబరులో మరణించినది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లెలో కొందఱు యువకులు 2012లో మై విలేజ్ షో యను పేర పల్లెబ్రదుకును చిత్రించుట మొదలిడిరి. ఆ యూరి కూలిస్త్రీ గంగవ్వ దానిలో తన సహజమైన మాటతీరుతో నటించి పేరుపొందినది. ఈ మాటతీరే ఇచట ముఖ్యము. తెలుగు సినిమాలలో తెలంగాణపు యాస చిరకాలము దుష్టపాత్రకును హాస్యపాత్రకును కేటాయింపబడియుండెను. అనగా మనము గూడ జాలరికి ప్రాకృతమును కేటాయించితిమి. గంగవ్వ ఆ యాసలో నవ్వును, కోపించును, బుద్ధి చెప్పును, ఆమెయే కథానాయిక. వ్యాకరణము చెప్పుకొని బ్రదుకు నేను ఈ మాట వ్రాయుటకు కొంత సిగ్గుపడవలసియున్నను, భాష యెవరిదో నాకు ఆమె నేర్పినంతగా నా గురువులు నేర్పలేదు.

ఇట్లు పొగడి ముగించినచో నేను చరిత్రము వ్రాసినవాడను కాను, భట్రాజును. ద్వారము తెఱచినప్పుడు దొరలతోపాటు దొంగలును వత్తురు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారని ఒక వీడియో దేశమంతట ప్రాకెను. అది నిజమునకు కరాచీలో పిల్లల రక్షణకై తయారైన ప్రకటన. చివర బాలుని తిరిగి యిచ్చివేయు భాగమును ఎవరో కత్తిరించివేసిరి. అట్టి పుకార్లవలన ఆ యేడు జూలై 1వ తేదీన మహారాష్ట్రములోని ధూళె జిల్లా రాయిన్‌పాడా గ్రామమున భిక్షాటనము చేసికొను సంచారజాతివారిని అయిదుగురిని జనులు కొట్టి చంపిరి. జాలరి మాట కొకప్పుడు విలువ లేకుండెను; ఇప్పుడు అబద్ధమునకు జాలరి వేషము వేసిన వెంటనే విలువ వచ్చుచున్నది. అప్పుడు వాట్సాప్ కంపెనీ ఒక సందేశమును ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండ మన దేశమున కట్టుదిట్టము చేసెను. మన జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసులు వేఱుదారి తొక్కిరి. ఊరూర తిరిగి, పాటలతోడను డప్పుతోడను, పుకార్లు నమ్మవలదని జనులకు బోధించిరి. క్రొత్త యంత్రము తెచ్చిన రోగమునకు పాత డప్పు మందయ్యెను. ఎదుట నిలిచి పాడువానిని ప్రశ్న యడుగవచ్చును. చేతిలోని తెఱ నడుగుట యెట్లు?

మఱియొక చిక్కు కలదు. వీరేశలింగము పంతులుగారి యంత్రము ఆయన సొంతము. యూట్యూబు మనది కాదు. మనము అందులో కౌలుదారులము మాత్రమే. అదియు పట్టా లేని కౌలు. 2020 జూన్ 29వ తేదీన భారత ప్రభుత్వము టిక్‌టాకును నిషేధించినప్పుడు, పల్లెలలోని కూలివారు, కుట్టుపనివారు, రైతుస్త్రీలు కొన్నియేండ్లుగా సంపాదించుకొనిన ప్రేక్షకులను ఒక్క రాత్రిలో పోగొట్టుకొనిరి. ఆ నిషేధమునకు దేశరక్షణ కారణమని చెప్పబడెను. దాని న్యాయాన్యాయములు వేఱు. ఎవరి వీడియో ఎందఱి కండ్లబడవలెనో నిర్ణయించు లెక్కలు కంపెనీల లోపల దాగియున్నవి. ద్వారపాలకుడు పోలేదు, కనబడకుండ లోపలికి జరిగెను. పస్తాపూరి స్త్రీలు తమ యంత్రమును, తమ రేడియోను తమ చేతులలోనే యుంచుకొనుటలోని దూరదృష్టి మన కిపుడు తెలియుచున్నది.

అన్నిటికంటె పెద్ద చిక్కు మన యిండ్లలో నున్నది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము, ఎప్పుడైనను అంతర్జాలమును ఉపయోగించిన పురుషులు నూటికి 57 మంది కాగా, స్త్రీలు 33 మంది మాత్రమే. ఆంధ్రప్రదేశములో ఆ స్త్రీల సంఖ్య 21, తెలంగాణలో 26. అప్పటినుండి ఈ సంఖ్యలు పెరిగియుండవచ్చును గాక. ఫోను చేతికిచ్చిన యింటగూడ, అది ఎవరి చేతిలో ఎంతసేపుండవలెనో చెప్పువారు మగవారే. కొడుకు ఫోను చూచినచో చదువనియు, కూతురు చూచినచో చెడిపోవుటయనియు అనుకొను తల్లిదండ్రులను నేను ప్రతిదినము చూచుచున్నాను. ఆడుదానికి చదువు చెప్పినచో ఉత్తరములు వ్రాసి చెడునని నూటయేబదియేండ్ల క్రిందట చెప్పిన మాటయే యిది. వస్తువు మాఱినది గాని వాదము మాఱలేదు.

ఇతరులను దూఱుటకు ముందు నా తప్పును చెప్పుకొనవలెను. నేను పనిచేసిన యొక పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలిక, ఒకనాడు బడిలోని మంచినీళ్ల తొట్టి మూత తీసి, లోపలి పాచిని తన యన్న ఫోనుతో వీడియో తీసెను. దానిని అంతర్జాలమున నుంచెదనని తోడిపిల్లలతో చెప్పగా నా చెవిని పడెను. నే నామెను పిలిచి, "అమ్మా, ఇది పైవారు చూచిన మన బడికి మాట వచ్చును. తుడిచివేయుము" అంటిని. ఆ పిల్ల తల వంచుకొని, "నేనేమీ అబద్ధం తీయలేదు గదా మాస్టారూ" అనెను. "నిజమైనను అన్నిచోట్ల చెప్పరాదు" అని నేను గద్దించితిని. ఆమె నా యెదుటనే తుడిచివేసెను. తొట్టి కడిగించుమని పెద్దలతో చెప్పవలెనని నేననుకొంటిని, చెప్పలేదు. మూడు వారములైన పిదప పిల్లలు పదిమందికి పైగా వాంతులతో పడకపట్టిరి. దైవకృపచే అందఱును కోలుకొనిరి. తొట్టిని అప్పుడు కడిగించిరి.

ఆ సాయంకాలము నాకు శాకుంతలములోని రక్షకభటులు జ్ఞప్తికి వచ్చిరి. ఇన్నాళ్లును ఆ ఘట్టమును చెప్పుచు నన్ను నేను రాజుపక్షముననో కవిపక్షముననో యుంచుకొనుచుంటిని. నిజమునకు నేను చేతులు కట్టినవారిలో నొకడను. మరునాడు తరగతిలో అందఱి యెదుటను ఆ బాలికతో తప్పు నాదని చెప్పితిని. ఆమె నావైపు చూచి ఏమియు ననలేదు. అనవలసిన పనియు లేదు.

ఆనాటినుండి మా తరగతిలో కొన్ని నియమములు పెట్టుకొంటిమి. వీడియో తీయువారు స్థలమును తేదీని అందులోనే నోటితో చెప్పవలెను. ఒకరి మొగము కనబడునెడల, ఫోగో దీవిలో చేసినట్లు, ముందు వారికి చూపి ఒప్పించుకొనవలెను. అధికారము గలవాని తప్పును చూపునపుడు మాత్రము ఆ యధికారి యనుమతి అక్కఱలేదు. తాను చూడని దానిని ఇంకొకరికి పంపరాదు. ఎవరినైనను చిత్రించునపుడు కంటికి సమముగా యంత్రమును పట్టవలెను. ఈ చివరి నియమమును పస్తాపూరి స్త్రీలనుండి నేర్చుకొంటిమని పిల్లలకు చెప్పినప్పుడు, ఆ స్త్రీలు ఏ కాలేజీలో చదివిరని యొకడు అడిగెను. చదువలేదని చెప్పగా తరగతి కొంతసేపు నిశ్శబ్దముగా నుండెను.

చదువరులలో ఇంటిపెద్దలు, తల్లులు, ఉపాధ్యాయులు పెక్కుమంది యుందురు. మీ యింటి బాలిక ఏదైన నొకనాడు మీ ఊరి తొట్టినో, మీ వీధి మురుగునో, మీ ఇంటిలోని యన్యాయమునో చిత్రించి మీకు చూపినచో, మొదట అది నిజమా యని మాత్రము అడుగుడు. నిజమైనచో, మనకు మాట వచ్చునను వెఱపుతో దానిని తుడిపింపకుడు. తొట్టిని కడిగింపుడు.